పాలకుని పాపము సహమతస్థులకు సంక్రమించునా?



ఆస్ట్రియా, జర్మనీ దేశముల సరిహద్దున ఇన్ అను నది ప్రవహించును. దాని తీరమున బ్రౌనౌ అను పట్టణము కలదు. ఆ పట్టణమున 1889 ఏప్రిల్ 20వ తేదీన ఒక సుంకపు అధికారి యింట మగశిశువు జన్మించెను. తల్లి క్లారా నిష్ఠ గల కతోలిక భక్తురాలు. కొలది దినములకే శిశువునకు జ్ఞానస్నానము జరిగెను. అడాల్ఫ్ అని నామకరణము చేసిరి. అతడే తరువాత జర్మనీకి నిరంకుశాధిపతి యైన హిట్లర్.

అదే బ్రౌనౌ మండలమున సెయింట్ రాడెగుండ్ అను చిన్న పల్లె కలదు. అచ్చట 1907 మే 20వ తేదీన మరియొక బాలుడు జన్మించెను. అతని పేరు ఫ్రాంజ్ యేగర్‌స్టాట్టర్. ఇతనికిని కతోలిక సంప్రదాయమునందే జ్ఞానస్నానము జరిగెను. ఇరువురిదియు లింజ్ పీఠమే. ఇరువురును బాల్యమున నేర్చినది ఒకే ధర్మోపదేశము. వారిలో ఒకడు లక్షలాది నిరపరాధుల మారణమునకు కారకుడయ్యెను. మరియొకడు ఆ మొదటివాని పేర యుద్ధము చేయనని చెప్పి 1943లో శిరచ్ఛేదమునకు గురియయ్యెను.

ఒక పాలకుడు తాను ఫలానా మతస్థుడనని ప్రకటించి ఘోరకృత్యములు చేసినచో, ఆ దోషము ఆ మతమునందలి తక్కిన విశ్వాసులకు అంటునా, అంటదా? లోకమున తరచుగా వినబడు సంశయమిది. ఒకరు అంటునందురు. మరియొకరు అతడసలు మావాడే కాడందురు. మన శాస్త్రసంప్రదాయమున ఏ విషయమునైనను పూర్వపక్షమును సమగ్రముగా చెప్పి, పిమ్మటనే సిద్ధాంతమునకు పోవుదురు. ఇచ్చటను ఆ మార్గమే శ్రేయస్కరము.

మొదటి పూర్వపక్షము: అతడు వారివాడే

ఈ పక్షమువారికి ఆధారములు లేకపోలేదు. 1920 ఫిబ్రవరి 24న మ్యూనిక్ నగరమున నాజీ పక్షము 25 అంశముల ప్రణాళికను ప్రకటించెను. అందు 24వ అంశము, ఏ శాఖకును కట్టుబడకయే 'సకారాత్మక క్రైస్తవము' పక్షమున తాము నిలిచెదమని చెప్పుచున్నది. 1933 జనవరి 30న హిట్లర్ ప్రధానమంత్రి యయ్యెను. మార్చి 23న పార్లమెంటునందు ప్రసంగించుచు, రెండు క్రైస్తవ శాఖలును జాతిజీవనమునకు మిక్కిలి ముఖ్యములని కొనియాడెను. ఆనాడే సర్వాధికారములను అతని చేతికిచ్చు శాసనము నెగ్గెను. ఆ శాసనమునకు కతోలికుల రాజకీయపక్షమైన సెంటర్ పార్టీ ఓటు వేసెను. సభలో నిలిచి వ్యతిరేకించినది సోషల్ డెమొక్రాట్లు మాత్రమే. వారి ఓట్లు 94.

అంతకు మునుపు జర్మనీ బిషప్పులు నాజీ పక్షమున చేరరాదని కతోలికులను హెచ్చరించియుండిరి. ఆ శాసనము నెగ్గిన ఐదు దినములకే, మార్చి 28న, ఆ హెచ్చరికను సడలించిరి. జూలై 20న వాటికన్‌తో ఒడంబడిక జరిగెను. ప్రష్యా కాలమునుండి వచ్చిన ఆచారమును అనుసరించి, సైనికుల నడికట్టు బిళ్ళపై దేవుడు తమతో నున్నాడను మాట చెక్కబడియే యుండెను. 1944 జూలైలో హత్యాయత్నమునుండి బ్రతికి బయటపడినప్పుడు హిట్లర్ దానిని దైవసంకల్పమని రేడియోలో చాటుకొనెను. అతడు కతోలిక సభను లాంఛనముగా ఎన్నడును విడువలేదు. సభయు అతనిని బహిష్కరించలేదు.

అంతియే కాదు. 1939 జనాభా లెక్కలలో సుమారు 54 శాతము జనులు ప్రొటెస్టెంటులమనియు, 40 శాతము కతోలికులమనియు వ్రాయించుకొనిరి. అనగా ఆ రాజ్యయంత్రమును నడపిన చేతులలో అత్యధికము జ్ఞానస్నానము పొందినవారివే. ఇంకేమి కావలెనని మొదటి పక్షమువారు ప్రశ్నింతురు.

రెండవ పూర్వపక్షము: అతడు వారివాడు కాడు

రెండవ పక్షమువారికిని బలము కలదు. 1941-42 నడుమ ఆంతరంగికుల యెదుట హిట్లర్ చేసిన సంభాషణలు లిఖితములై యున్నవి. వానిలో క్రైస్తవముపై తీవ్రమైన ద్వేషము కనబడును. అతనికి కుడిభుజమైన మార్టిన్ బోర్మన్, నాజీ సిద్ధాంతమునకును క్రైస్తవమునకును పొసగదని 1941లో పక్షాధికారులకు రహస్యముగా తెలియజేసెను. డాఖౌ నిర్బంధ శిబిరమున సుమారు 2,700 మంది మతగురువులు బందీలైరి. వారిలో అధికులు పోలెండు దేశపు కతోలిక గురువులు. వేయిమందికి పైగా అచ్చటనే మరణించిరి. వేదికపై చెప్పిన మతము ఒకటి, హృదయమునందలి మతము మరియొకటి. కావున అతని పాపమునకు క్రైస్తవులతో సంబంధమే లేదని ఈ పక్షము వాదించును.

భగవద్గీత పదునారవ అధ్యాయమున ఆసురీసంపద గలవారి లక్షణములు చెప్పబడినవి. వారు విధిని విడచి, దంభముతో, పేరునకు మాత్రమే యజ్ఞములు చేయుదురని భగవానుడు హెచ్చరించెను. సభలో మతమును కొనియాడి, ఆంతరంగికుల నడుమ దానిని తూలనాడినవాడు ఆ లక్షణమునకు ప్రత్యక్షోదాహరణమే.

రెండును చాలవు

మొదటి వాదమును తర్కశాస్త్రముతో పరీక్షింపవలెను. పొగ యున్నచోట నిప్పున్నదనుట సరియైన వ్యాప్తి. నిప్పున్నచోటనెల్ల పొగ యుండుననుట దోషము. కొలిమిలో ఎఱ్ఱగా కాలిన ఇనుమునందు నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టుటకు నిప్పు మాత్రమే చాలదు, తడికట్టెల సంయోగమును కావలెను. తర్కసంగ్రహము చదివిన ప్రతి బాలవిద్యార్థికిని తెలిసిన విషయమిది. ఆ తడికట్టెకే 'ఉపాధి' యని పేరు. జ్ఞానస్నానమే హిట్లర్‌ను హిట్లర్‌గా చేసినదన్నచో, అదే మండలమున అదే జ్ఞానస్నానము పొందిన యేగర్‌స్టాట్టర్ విషయమున ఆ హేతువు వ్యభిచరించుచున్నది. పొగకు కారణమైన తడికట్టె వేరుగా నున్నది. జాతిద్వేషము, ఓడిపోయిన యుద్ధపు కసి, ఆర్థికపతనము, అధికారకాంక్ష అనునవి ఆ కట్టెలు.

రెండవ వాదమునందలి దోషము సూక్ష్మమైనది. చెడ్డవాడు కనబడిన ప్రతిసారి "వాడు నిజమైన విశ్వాసి కాడు" అని త్రోసివేసినచో, ఏ మతమునందును చెడ్డవాడుండడు. అది విచారణ కాదు, ఆత్మరక్షణము. హిట్లర్ హృదయమున దేవుడున్నాడా లేదా యనునది అంతర్యామికే తెలియును. చరిత్ర అడుగవలసిన ప్రశ్న వేరు. అతడు మతభాషలో మాటలాడినప్పుడు, ఆ భాష తెలిసినవారు ఏమి చేసిరి?

విన్నవారు ఏమి చేసిరి?

కొందరు సంతోషముతో స్వీకరించిరి. 'జర్మన్ క్రైస్తవులు' అను వర్గము నాజీ సిద్ధాంతమును సభలోనికే తెచ్చెను. 1933 సెప్టెంబరులో, యూదుల సంతతివారు మతగురువులుగా నుండరాదను నియమమును ప్రష్యా ప్రొటెస్టెంటు సభ ఆమోదించెను. ఆ నెలలోనే హిట్లర్‌కు ఇష్టుడైన లూడ్విగ్ ముల్లర్ రాజ్య బిషప్పుగా ఎన్నుకొనబడెను. నవంబరు 13న బెర్లిన్ క్రీడాసౌధమున జరిగిన మహాసభలో ఒక వక్త, యూదుల గ్రంథమైన పాతనిబంధననే త్యజింపవలెనని కోరెను. ఏసుక్రీస్తు స్వయముగా పఠించిన గ్రంథమది.

కొందరు ఎదిరించిరి. మార్టిన్ నీమొల్లర్ అను గురువు మొదట నాజీ పక్షమునకే ఓటు వేసినవాడు. పై నియమము రాగానే గురువుల సంఘమును స్థాపించెను. 1934 ఆరంభమునాటికి అందు సుమారు 7 వేలమంది చేరిరి. 1937 నుండి 1945 వరకు అతడు బంధితుడై యుండెను. 1934 మే మాసాంతమున బార్మెన్ నగరమున సమావేశమైన ప్రొటెస్టెంటులు ఆరు ప్రతిజ్ఞలను ప్రకటించిరి. సభకు ప్రభువు క్రీస్తు ఒక్కడే గాని రాజ్యము కాదని వాని సారము. 1937లో పోపు 11వ పయస్ జర్మన్ భాషలోనే వ్రాసిన లేఖ, మ్రానికొమ్మల ఆదివారమున దేశమంతటను కతోలిక ఆలయములలో చదువబడెను. జాతిని, రాజ్యమును దైవస్థానమున నిలుపుట విగ్రహారాధనమని అందు ఖండింపబడినది. ఆ మతమువారి పరిభాషలో అంతకు మించిన నింద లేదు. 1941 వేసవిలో మ్యూన్‌స్టర్ బిషప్పు ఫాన్ గాలెన్, మనోవ్యాధిగ్రస్తులను రహస్యముగా చంపుచున్నారని ఉపదేశవేదికనుండి ప్రకటించెను. అప్పటికే 70 వేలకు పైగా ఆహుతియైరి. ఆగస్టు 24న హిట్లర్ ఆ కార్యక్రమమును నిలుపుమని ఆజ్ఞాపించెను. మరల గుప్తముగా అది కొనసాగినను, ఒక్క కంఠము లేచినప్పుడు ఆ రాజ్యమును వెనుదీసెనన్నది చరిత్ర.

బెర్లిన్‌లోని కతోలిక గురువు బెర్న్‌హార్డ్ లిఖ్టెన్‌బర్గ్ 1938 నవంబరు దహనకాండ తరువాత యూదులకొరకు బహిరంగముగా ప్రార్థించెను. ఆ కారణముననే బంధింపబడి, 1943లో డాఖౌకు కొనిపోబడుచు మార్గమధ్యమున మరణించెను. ప్రొటెస్టెంటు గురువు డీట్రిచ్ బోన్‌హోఫర్ అహింసామార్గమును నేర్వదలచి భారతదేశమునకు రాగోరెను. మహాత్మా గాంధీ 1934 నవంబరులో అతనిని ఆహ్వానించుచు లేఖ వ్రాసెను. కాని ఆ ప్రయాణము సాగలేదు. బోన్‌హోఫర్ స్వదేశమునకు తిరిగిపోయి గురుశిక్షణాలయమును నడపెను. 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడెను.

అధికసంఖ్యాకులు మాత్రము మౌనముగా నుండిరి. యూదుల ఇండ్ల తలుపులు తట్టబడినప్పుడు, ప్రక్కయింటివారు కిటికీలు మూసికొనిరి. ఆదివారపు పూజలు ఎప్పటివలెనే జరిగినవి.

ఆలయసేవకుని నిరాకరణము

ఇక యేగర్‌స్టాట్టర్ కథ. అతడు పండితుడు కాడు, కర్షకుడు. యౌవనమున దుడుకుగా తిరిగినవాడే. 1936లో ఫ్రాన్జిస్కాను వివాహమాడిన పిమ్మట భక్తి దృఢమయ్యెను. 1938లో ఆస్ట్రియా జర్మనీలో విలీనమైనప్పుడు జరిగిన ప్రజాభిప్రాయసేకరణమున ఆ పల్లెలో వ్యతిరేకముగా ఓటు వేసినవాడు అతడొక్కడే. 1941 నుండి పల్లె ఆలయమున సేవకుడై, గంట మ్రోగించుట, పూజాద్రవ్యములను సిద్ధపరచుట మొదలైన పనులు చేయుచుండెను.

అన్యాయమైన యుద్ధమున ఆయుధము పట్టరాదని అతడు నిశ్చయించుకొనెను. పల్లె గురువు వలదనెను. లింజ్ బిషప్పును దర్శింపగా, కుటుంబమును పోషించుట నీ ధర్మము, యుద్ధము న్యాయమా కాదా యని నిర్ణయించుట నీ పని కాదను భావముతో ఆయన బోధించెను. తల్లియు వేడుకొనెను. ఇంట ఆరేండ్లు నిండని ముగ్గురు కుమార్తెలుండిరి. 1943 మార్చి 1న సైన్యపు పిలుపుపై ఎన్స్ పట్టణమునకు పోయి, తాను యుద్ధము చేయజాలనని చెప్పెను. క్షతగాత్రులకు శుశ్రూష చేయుటకు సిద్ధమనెను. దానిని అధికారులు అంగీకరింపలేదు. జూలై 6న మరణదండన విధింపబడెను. ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్ కారాగారమున శిరస్సు ఖండింపబడెను.

యుద్ధము ముగిసిన తరువాతను పల్లెలో పలువురు అతనినే తప్పుపట్టిరి. భార్యకు రావలసిన భృతి 1950 వరకు నిరాకరింపబడెను. 2007 అక్టోబరులో లింజ్ నగరమున కతోలిక సభ అతనిని 'ధన్యుడు' అని ప్రకటించెను. తొంబది నాలుగేండ్ల ఫ్రాన్జిస్కా ఆ సభలో కూర్చుండి చూచెను. వలదన్న పీఠమే అరువది నాలుగేండ్లకు అతనికి నమస్కరించెను.

హిట్లర్ పాపమును క్రైస్తవులందరి తలపై మోపువారు యేగర్‌స్టాట్టర్ పుణ్యమును గూడ వారందరికి పంచియీయవలెను. పుణ్యము పంచుటకు మనసొప్పనిచో, పాపమును పంచుటయు అన్యాయమే. జీవుడొక్కడే జన్మించును, ఒక్కడే గతించును, తన సుకృతదుష్కృతముల ఫలమును ఒక్కడే అనుభవించును. మన ధర్మశాస్త్రములు పలుమారు చెప్పిన మాట యిది.

రామాయణ భారతముల సాక్ష్యము

ఈ విషయమును చెప్పుటకు మన ఇతిహాసములే చాలును. రావణుడు పులస్త్యబ్రహ్మ మనుమడు, విశ్రవసుని కుమారుడు, వేదవేత్త, శివభక్తుడు. హనుమంతుడు లంకలో సీతమ్మను అన్వేషించుచున్నప్పుడు తెల్లవారుజామున వేదఘోష వినబడెను. అయినను రావణుని కారణముగా వేదమునుగాని, శివభక్తినిగాని విడచినవారెవరు? అదే తండ్రికి జన్మించిన విభీషణుడు నిండుసభలో అన్నతో ధర్మము పలికి, అవమానము పొంది వెడలిపోయెను. శ్రీరాముడు పులస్త్యవంశమును దోషిగా నిలుపలేదు. లంకావాసులపై పగ తీర్చుకొనలేదు. విభీషణునే పట్టాభిషిక్తుని గావించి, రావణునకు ఉత్తరక్రియలు చేయుమని ఆజ్ఞాపించెను.

కాని భారతమున కౌరవసభ మరియొక పాఠము చెప్పుచున్నది. ద్రౌపదీదేవి ధర్మప్రశ్న అడిగినప్పుడు భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. ద్రోణాచార్యుడు మిన్నకుండెను. విదురుడును, కౌరవులలో వికర్ణుడును మాత్రమే నోరు విప్పిరి. వస్త్రము లాగినవాడు దుశ్శాసనుడే. అయినను ఆ సభలోని పెద్దలు నిర్దోషులని ఎవ్వరును అనరు. కర్త, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, అనుమోదించినవాడు అను నలుగురును ఫలమున భాగస్వాములని పెద్దలు చెప్పుదురు. దుశ్శాసనునితో పుట్టుట వికర్ణుని దోషము కాదు. భీష్ముని దోషము పుట్టుకవలన వచ్చినది కాదు, మౌనమువలన వచ్చినది.

మన యింటి అనుభవము

ఈ విచారణ పరదేశపు విషయముగా తోచవచ్చును. కాని దీనివలన గాయపడినవారిలో మనమును ఉన్నాము. 1948 జనవరి 30న గాంధీ మహాత్ముని చంపినవాడు హిందువుగా, బ్రాహ్మణుడుగా పుట్టినవాడు. ఆ కారణముచేత మహారాష్ట్రమున ఏ పాపమెరుగని బ్రాహ్మణకుటుంబముల ఇండ్లు దగ్ధములైనవి. హంతకుని ముఖమైనను చూడనివారు నిరాశ్రయులైరి. సహకులస్థులపై దోషము మోపుటవలన ఎట్టి అధర్మము పుట్టునో అది చూపెను. అదే సమయమున, ఆ హత్య విని మిఠాయిలు పంచినవారును దేశమున ఉండిరి. వారు అనుమోదకులు. ఈ రెండు వర్గములను ఒకే త్రాటితో కట్టుట న్యాయము కాదు.

స్వస్తికమును తలచుకొన్నను ఇదే బాధ. 'సు' 'అస్తి' అను పదములనుండి పుట్టిన మంగళచిహ్నమది. తెలుగువారి గృహప్రవేశమున పసుపు కుంకుమలతో ద్వారమునకు దిద్దబడును. 1920లో నాజీ పక్షము తన పతాకముపై నిలిపిన గుర్తును జర్మన్ భాషలో 'కొక్కెపు శిలువ' యందురు. 2007లో ఆ గుర్తును ఐరోపా సమాఖ్య దేశములన్నిటను నిషేధింపవలెనని జర్మనీ ప్రతిపాదించినప్పుడు, ఐరోపాలోని హిందువులు అభ్యంతరము తెలిపిరి. మా చిహ్నమును నియంత పాపముతో కలుపవలదనిరి. ఆ ప్రతిపాదన విరమింపబడెను. విదేశములలో నివసించు తెలుగు కుటుంబములకు, ద్వారముపై స్వస్తికమును చూచి పొరుగువారు భయపడునేమోనను సంకోచము నేటికిని కలదు.

మన చిహ్నమునకు మనము కోరు వివేకమునే ఇతరుల మతమునకును చూపవలెను. తనకు ప్రతికూలమైనదానిని పరులకు చేయరాదను ధర్మము మనది. నియంత మతము నడిగి, పొరుగింటి సాధువును నిందించువాడు, స్వస్తికమును చూచి భయపడు పొరుగువానికంటె ఎక్కువ తెలిసినవాడు కాడు.

సిద్ధాంతము

కావున నిర్ణయము ఇట్లు చేయవచ్చును. పాలకుని పాపము, కేవలము సహమతస్థుడైన కారణముచేత, ఎవనికిని అంటదు. అయినను సహమతస్థుడైన కారణముచేత ఒక బాధ్యత కలుగును. పాలకుడు దేవుని పేర ద్వేషమును పలికినప్పుడు, అది దేవుని మాట కాదని బయటివాడు చెప్పిన దానికంటె లోపలివాడు చెప్పినదే బలీయము. ఆ భాష తెలిసినవాడు అతడే. అట్లు చెప్పినవానికి నియంత మతము మచ్చ కాదు. చప్పట్లు కొట్టినవానికి అది మచ్చయే. చెప్పగలిగియు ఊరకున్నవాడు తన అంతరాత్మకు సమాధానము చెప్పుకొనవలెను. ప్రాణభయమున మూగవోయిన దీనుని విషయమున మాత్రము దయ యుండవలెను. సుఖముగా కూర్చుండి అతనికి తీర్పు చెప్పుట ఎవరికిని తగదు.

తప్పిపోయినవారికి ప్రాయశ్చిత్తము కలదు. 1945 అక్టోబరులో జర్మన్ ప్రొటెస్టెంటు పెద్దలు స్టట్‌గార్ట్ నగరమున సమావేశమై, తమ ధైర్యలోపమును తామే ఒప్పుకొని ఒక ప్రకటన చేసిరి. ఎనిమిదేండ్లు బందీయై యుండిన నీమొల్లర్ సైతము అందు సంతకము చేసెను. ఆ ప్రకటనలో యూదుల పేరైనను లేదనునది దాని లోపము. ఆ మాత్రపు ఒప్పుకోలునకే స్వదేశీయులు అనేకులు ఆగ్రహించిరి. అయినను "అతడు మావాడు కాడు" అని తప్పించుకొనక, "మేమేమి చేసితిమి" అని ప్రశ్నించుకొనుట ప్రాయశ్చిత్తమునకు మొదటి మెట్టు.

సాధకుడు నేర్వవలసినదియు ఇదే. పరమతమున పుట్టిన దుష్టుని చూచినప్పుడు, ఆ మతమునందలి విభీషణుని వెదకవలెను. స్వమతము పేర దుష్కృత్యము జరిగినప్పుడు, నిండుసభలో వికర్ణునివలె లేచి నిలువవలెను. మొదటిది సులభము. రెండవది కష్టము. సెయింట్ రాడెగుండ్ పల్లెలో గంట మ్రోగించిన ఆలయసేవకుడు ఆ కష్టమైనదానినే చేసెను.

స్వస్తి.